అయోకా అబద్ధం చెప్పలేదు

ఇటోకు బజారులో అసాబి నీలిమందు తొట్టి మూత తీసేసరికి పొద్దున్న ఏడు గంటలవుతుంది. గుడ్డలు ముంచడం, పిండడం, తీగ మీద ఆరేయడం, మధ్యమధ్య కూతురికి మొక్కజొన్న జావ, మాత్రలు. కూతురు అయోకాకి తొమ్మిదేళ్ళు, నెత్తురులో కొడవలి కణాల జబ్బు, సికిల్ సెల్ అంటారే అది. ఒంట్లో నొప్పుల్లేని రోజున తొట్టి పక్కనే పీటేసుకుని కూర్చుంటుంది. బజారులో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడితే, పొట్టకి చెవి ఆనించి లోపలివాళ్ళు ఏమంటున్నారో చెబుతుంది.

మిరపకాయలు తగ్గించమంటున్నాడు పెద్దమ్మా అని పిల్ల చెబితే, చేపలమ్మే రిసీ వాళ్ళమ్మ, వీడిక్కూడా వాళ్ళ నాన్న పోలికే వచ్చి చచ్చింది, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమను అని విసుక్కుంటూ పోయేది. బేరాల వేళ తన్నొద్దని లోపలివాళ్ళకి చెప్పించుకునేవాళ్ళూ ఉన్నారు.

అసాబి పెళ్ళి సంగతి తలుచుకుంటే పక్క కొట్టుదాన్ని, నాకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు రక్తపరీక్ష కాగితం చూపించాలి. ఆ జబ్బు జాడ ఇద్దరిలోనూ ఉంటే పిల్లలకి వస్తుందని పాస్టరు పెళ్ళి చెయ్యడు. అసాబి, లేకాన్ బస్టాండు పక్కన రేకుల గదిలో పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరికీ ఏ దోషమూ లేదని రాసిచ్చాడు అక్కడ పరీక్ష చేసిన మహానుభావుడు, వాడి చేతులు పడిపోను! ఆర్నెల్ల అయోకా వేళ్ళు వాచి గుక్కపట్టి ఏడ్చిన రోజున గానీ ఇద్దరిలోనూ ఆ జాడ ఉందన్న నిజం బయటపడలేదు.

అందుకే రెండోసారి కడుపుతో నాలుగో నెల రాగానే, ఈసారి ముందే తెలుసుకుంటానని అసాబి లేగోస్ వెళ్ళి పొట్టలో సూది గుచ్చించుకుని బిడ్డకి పరీక్ష చేయించింది. రెండు వారాలకి డాక్టరు పిలిచాడు. ఆడపిల్ల, దీనికీ అదే జబ్బు అన్నాడు. కడుపు తీయించుకోడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి తన నోటితో ఇంకేం చెప్పనంటూనే, ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసి బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

లేకాన్ ఆ చీటీని చూసి గోడకేసి తిరిగాడు. "ఇంకో పిల్లని ఆ ఆసుపత్రి మంచం మీద చూడలేను అసాబీ. నా వల్ల కాదు."

ఆమె నాలుగు రోజులు ఆ చీటీని కట్టుగుడ్డ ముడిలో పెట్టుకు తిరిగింది. ఫోన్ చెయ్యలేదు, పారెయ్యనూ లేదు. అయిదో రోజు, ఎవరో ఆవిడ బేరమాడి గుడ్డ కొనకుండా పోతుంటే, వెనకనించి అయోకా ఆవిడ నడకని అనుకరించి పకపకా నవ్వింది. ఇలాంటి పిల్లనా నేను వద్దనుకునేది అనుకుంది అసాబి. చీటీ చింపి బూడిదలో వేసింది. చివరికి లేకాన్, సరే, ఇద్దరినీ మోద్దాం అన్నాడు.

మర్నాడు అసాబి చేతులు తుడుచుకుని కూతురి ముందు నిలబడింది. "నీ చెల్లెలు ఏమంటోందో చెప్పమ్మా."

అయోకా చెవి ఆనించలేదు. "లేదమ్మా. నిన్న నువ్వు కునుకు తీసినప్పుడు వెళ్ళిపోయింది."

అసాబి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. పొద్దుట్నించీ నడుములో సన్నగా నొప్పి. "ఏం చెప్పావు దానికి?"

"అడిగినవన్నీ చెప్పాను. సూదుల గురించి చెప్పాను, నొప్పి ఎలా ఉంటుందో చెప్పాను. పరవాలేదంది. వేయించిన అరటిపండు సంగతి చెబితే, దానికోసమైనా వస్తానంది."

"మరెందుకు పోయింది?"

"అమ్మ ఏడుస్తుందా అని అడిగింది."

ఇన్నేళ్ళుగా అసాబి స్నానాల గదిలో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని నవ్వుతూ బయటికొచ్చేది. ఎవరికీ తెలియదనుకుంది.

"ఏడవదని చెప్పాల్సింది తల్లీ," అంది అసాబి.

అయోకా తల్లి చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. ఆమె కాళ్ళ దగ్గర నేల మీద అప్పుడే నెత్తురు చుక్కలు పడుతున్నాయి.

"నేను నీ కడుపులో ఉన్నప్పుడు నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు కదమ్మా. చెప్పుంటే నువ్వు అసలు ఏడ్చేదానివే కాదు."