నంజమ్మకు నేను చూపించిన చైనా

చైనా గుట్టు ముప్పై సెకన్లలో విప్పేస్తామని నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అరిచేవాళ్లారా, అసలు దోషులు మీరే! నేతగాడు తిప్పన్న మగ్గం కోసం నిలువుగా పరిచిన పడుగు దారాలకు అగ్గి పెట్టింది మా వీధివాళ్లే కావచ్చు. ఎగదోసింది మీరు. మీ మాట మోసుకొచ్చింది నేను. అందుకే ముందు నా సంగతి చెప్పుకుంటాను.

నేను ఒక ఫోన్‌ను. చైనాలో పుట్టాను. నాకు అద్దం అతికించిన పిల్ల ఏదో పల్లె నుంచి పట్నానికి పనికి వచ్చింది. రోజంతా నిలబడి నాలాంటివాటిని వందల్లో సాగనంపేది. మా ముఖం చూసే తీరిక కూడా ఆమెకు లేదు. హిందూపురంలో నన్ను కొన్న మొదటి ఆసామికి ఏడాదికే మొహం మొత్తింది. మనుషులు ముసలివాళ్లు కావడానికి అరవై ఏళ్లు తీసుకుంటారు, మాకు మాత్రం పన్నెండు నెలలే ఇస్తారు. అలా సెకండ్ హ్యాండ్ షాపులో నంజమ్మ చేతికి చిక్కాను.

నంజమ్మది రీలింగు పని. పట్టుగూళ్లను వేడినీళ్లలో ఉడికించి దారం తీస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ నీళ్లలో నానిన వేళ్లు కదా, ఒక్కోసారి నా అద్దం కూడా వాటిని గుర్తుపట్టదు. ఆమె దారమంతా పక్కవీధి నేతగాడు తిప్పన్నే కొనేవాడు. ఈ ఏడాది మానేశాడు.

"నీ దారం పడుగులో తెగతాందక్కా. చైనాది తెగదు. నన్నేం చేయమంటావు?" అన్నాడు.

అతను కొనకపోతే ఆమె పొయ్యి ఆరిపోవాల్సిందే. ఇంకొకరైతే తిట్టిపోసి ఊరుకునేవాళ్లు. నంజమ్మ మాత్రం "వాళ్లు ఎట్ల చేస్తాండారో తెలుసుకోవాల" అని నాలో వెతికింది. చైనా ఆర్థిక వ్యవస్థ గురించి అఆల నుంచి తెలుగులో చెప్పే ఒక టీచరమ్మ ఉచిత పాఠాలు దొరికాయి. పొయ్యి పక్కన గూట్లో నన్ను ఆనించి, గూళ్లు కలుపుతూ వినేది.

"ఏమ్మే, చైనాకి కోడలుగా పోతాండావా?" అని పక్క పొయ్యి ఖైరున్నీసా ఎగతాళి.

"పోతే నిన్నూ తీసకపోతా. నీ నోరు చూస్తే వాళ్లే సరుకు పంపేది మానుకుంటారు."

ఉమ్మడి పొలాలను కుటుంబాలకు అప్పగించి, సర్కారు వాటా పోగా మిగిలింది అమ్ముకోమన్నారని మొదటి పాఠం. సముద్రం ఒడ్డున ఫ్యాక్టరీలకు తలుపులు తెరిచారని రెండోది. పల్లె రిజిస్టరులో పేరున్నవాళ్లు పట్నంలో ఎన్నాళ్లు చాకిరీ చేసినా, వాళ్ల పిల్లలకు అక్కడి బడిలో చోటు దొరకడం కష్టమని మూడోది. అది విని నంజమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఆడా అంతేనా!" అంది.

నాలుగో పాఠం పేరు 'సరుకు చవగ్గా ఎలా వస్తుంది'. ఆమెకు కావాల్సింది అదే. పదకొండు నిమిషాల పాఠం. సరిగ్గా దాని పైన, ఎర్ర అక్షరాలతో, మీ ముప్పై సెకన్ల వీడియో ముక్కను తెచ్చి పెట్టాను. 'చైనా పట్టు పట్టే కాదు, ప్లాస్టిక్!' నంజమ్మ వేలు దానిమీద పడింది. మూడుసార్లు చూసింది. రీలింగు వాళ్ల గ్రూపుకు పంపింది.

మర్నాడు పది గంటలకు నంజమ్మతో సహా గ్రూపులోని పదిహేను మంది తిప్పన్న ఇంటిముందు నిలబడ్డారు. అతను చైనా దారంతో పడుగు సిద్ధం చేసి, మగ్గానికి ఎక్కించబోతున్నాడు.

"ప్లాస్టిక్ నేసి మా పొయ్యిలు ఆర్పుతాండావు!" అని ఖైరున్నీసా మీదికి పోయింది.

తిప్పన్న ఆమెను పట్టించుకోలేదు. ఆ చైనా దారం చుట్ట, చిలప ఒకటి తెచ్చి నంజమ్మ ముందు పెట్టాడు. "నువ్వు పట్టుకొని చెప్పక్కా. నీ చేతికి తెలీదా?"

తెలుస్తుంది. కళ్లు మూసుకుని తాకినా తెలుస్తుంది. కానీ ఆమె చెయ్యి చాపలేదు. నన్ను పైకెత్తి, "ఇందులో చూపించినారు" అంది. పగిలి ముక్కలైపోయినా బాగుండేది నాకు.

పడుగును వీధిలోకి లాగి కొబ్బరిమట్టల మంటలో వేశారు. ప్లాస్టిక్ అయితే కరిగి చుక్కలు కారాలి. ఒక్క చుక్కా కారలేదు. వెంట్రుకలు కాలిన కమురు వాసన లేచింది. ఆ వాసన ఏమిటో ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు.

"యా అల్లా, ఇది పట్టే" అంది ఖైరున్నీసా.

తిప్పన్న అరవలేదు. "పట్టుకోమంటే పట్టుకోకపోతివి కదక్కా" అని మాత్రం అన్నాడు.

రెండు రోజులు నంజమ్మ నన్ను బోర్లా పడేసింది. మూడోనాడు నాలుగో పాఠం పెట్టింది. అక్కడా గూళ్లే ఉడికిస్తారు. దారం ఒకే మందంగా తీసే యంత్రాలున్నాయి. ప్రతి లాటునూ పరీక్షించి గ్రేడు ముద్ర వేస్తారు. వెనక సర్కారు అప్పు ఉంది, కరెంటు ఉంది. నోరెత్తలేని కూలీల చెమటా ఉంది. నంజమ్మ రెండోసారి విని తల దించుకుంది. నాకు దించుకోవడానికి తల కూడా లేదు.

సిగ్గుపడి కూర్చుంటే కాలినది తిరిగి రాదు. నల్ల కళ్లద్దాలవాళ్లారా, ఆ ముక్క ఇంకా తిరుగుతూనే ఉంది, ఈరోజే తీసేయండి! నంజమ్మా, ఏ గ్రూపులో పంపావో ఆ గ్రూపులోనే నీ గొంతుతో చెప్పు, అది పట్టేనని, కాల్చింది మనమేనని. పదిహేను మందీ తిప్పన్న ఇంటికి పోయి తప్పు ఒప్పుకోండి, కొత్త పడుగు దగ్గరుండి సిద్ధం చేసివ్వండి. ఆపైన అతన్నీ వెంటబెట్టుకుని సర్కారు పట్టు ఆఫీసుకు నడవండి. దారం సమానంగా తీసే యంత్రం మా వీధికి కావాలి, ఆ దారాన్ని పరీక్షించి ముద్ర వేసే చోటు కావాలి అని అడగండి. ఇచ్చేదాకా గడప దిగకండి.