పెట్టెకు పెట్టె

ధర్మవరంలో పట్టుచీరల అంచులకూ కొంగులకూ గ్రాఫు కాగితం మీద బొమ్మలు గీసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళలో రంగప్ప అంతటి అనుమానపు మనిషి ఇంకొకడు లేడు. కొత్త డిజైను మొదటి చీర మగ్గం దిగేదాకా పరాయి కంట పడకూడదన్నది ఆ వృత్తిలో అందరూ పాటించే నియమమే. బొమ్మ బయటికి పొక్కిందంటే పక్కవీధి మగ్గం మీద అదే చీర ముందు దిగుతుంది, గీసినవాడు నోరు వెళ్ళబెట్టుకుని చూడాలి. రంగప్ప గీసిన నెమలి అంచు ఒకసారి అట్లాగే పోయింది. ఎత్తుకుపోయింది పోతులయ్య అనే ఇంకో డిజైనరేనని ఆయన గట్టి నమ్మకం. రుజువేమీ లేదు. రంగప్ప నమ్మకాలకు రుజువులతో ఎప్పుడూ పనిపడలేదు. అప్పట్నుంచి గ్రాఫులన్నీ పరుపు కింద పెట్టుకుని పడుకునేవాడు. భార్య కుళ్ళాయమ్మ పక్క దులపబోయినా, "ఏమే, ఏం దేవులాడతాండావు?" అని గద్దించేవాడు.

అలాంటి మనిషి ఇంటికి కంప్యూటరు వచ్చింది. రెండువేల సంవత్సరం దాటాక షావుకార్లకు కంప్యూటరులో గీసిన డిజైనంటేనే మోజు. చేత్తో నెలంతా గీసేది అందులో వారంలో అయిపోతుందట. కాలంతో పోట్లాడి గెలిచినవాడెవడు? రంగప్ప హిందూపురం పోయి, ఏసురత్నం అనే ఆయన అంగట్లో కొత్త కంప్యూటరు ఒకటి కొన్నాడు. కొన్నాడే గానీ, మౌసు పట్టుకుంటే ఆయన చేయి పాము మీద పడ్డట్టు ఉలిక్కిపడేది.

అందుకని పెనుకొండ నుంచి పవిత్రను పిలిపించారు. పవిత్ర కుళ్ళాయమ్మ అన్న మల్లికార్జున కూతురు, కంప్యూటరు కోర్సు చదివి ఇంట్లో ఉంది. పొద్దున ప్యాసింజరు బండికి వచ్చి, సాయంత్రం బండికి పోయేది. పిల్లాపాపా లేని ఆ ఇంట్లో, ఆ పిల్ల అడుగుపెట్టాకే మాటలు వినబడడం మొదలైంది. "మామా, నీ హంసకు మెడ వంకరపోయినాది. దానికీ నీ మాదిరే నిద్ర లేదేమో" అని ఆటపట్టించేది. రంగప్ప పకపకా నవ్వేవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయనకు ఇన్ని పళ్ళున్నాయని కుళ్ళాయమ్మ ఎరగదు.

అంతా బాగానే ఉండును. కానీ కంప్యూటరు బిగించడానికి వచ్చిన రోజు ఏసురత్నం ఒక మాట అన్నాడు. బల్ల కింద పెట్టిన ఇనుప డబ్బా మీద చేయి వేసి, "రంగప్పన్నా, ఇంగ మీ డిజైన్లన్నీ దీంట్లోనే ఉంటాయి, చూసుకోండి" అన్నాడు. రంగప్ప చూసుకున్నాడు. ఏసురత్నం అటు రైలెక్కాడో లేదో, ఇటు రంగప్ప వడ్రంగిని పిలిపించాడు. ఆ డబ్బా సరిగ్గా పట్టేటట్టు టేకు చెక్కతో ఒక పెట్టె చేయించాడు. వెనక వైర్లు దూరడానికి ఒక కంత, ముందు ఒక తలుపు, తలుపుకు తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడేది. పొద్దున తలుపు తీసి మీట నొక్కి, మళ్ళీ తాళం వేసి, ఆ తర్వాతే పవిత్రను కుర్చీలో కూర్చోమనేవాడు. ఆ ఇంట్లో దేవుడి గూటికి కూడా అంత కాపలా లేదు.

మొదట్లో బాగానే నడిచింది. ఎండలు ముదిరేసరికి రోగం బయటపడింది. పవిత్ర మామిడిపిందెల అంచు వేస్తుండగా తెర ఉన్నట్టుండి నల్లబడింది. పెట్టెలో కుయ్యిమని చప్పుడైంది. కంప్యూటరు దానంతటదే ఆగి, దానంతటదే మళ్ళీ మొదలైంది. పొద్దుట్నుంచి వేసిన పిందెలు ఒక్కటీ మిగల్లేదు. ఆ రోజు మొదలు, ఎప్పుడు ఆగుతుందో ఎందుకు ఆగుతుందో తెలియకుండా అదే వరస.

కరెంటు అనుకున్నారు. ఇంట్లో దీపాలన్నీ నిక్షేపంగా వెలుగుతుండగానే ఆగింది, కాబట్టి కరెంటు కాదు. ప్లగ్గు మార్చారు, వైరు మార్చారు. కుళ్ళాయమ్మ దిష్టి తీసి నిమ్మకాయ కోసి వీధిలో పారేసింది. దాన్ని ఆటో తొక్కుకుంటూ పోయింది, కంప్యూటరు మాత్రం మధ్యాహ్నానికి మళ్ళీ ఆగింది. ఇంక మిగిలింది ఏసురత్నమే. కొత్తదని చెప్పి పాత సామాను అంటగట్టాడన్నమాట! రంగప్ప ఇనుప డబ్బాను టేకు పెట్టెలోంచి తీసి, తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని హిందూపురం రైలెక్కాడు.

ఏసురత్నం దాన్ని అంగడి బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి, రెండు రోజులు ఆపకుండా నడిపాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. రంగప్ప ఎదురుగా స్టూలు వేసుకుని రెప్ప వేయకుండా చూస్తూనే ఉన్నాడు.

"దుడ్లు తీసుకోని పాత సామాను ఇచ్చేవాణ్ణి కాదన్నా. దీనికి యా రోగమూ ల్యా" అన్నాడు ఏసురత్నం. మళ్ళీ ఏదో ఆలోచించి, "అవునన్నా, ఇంట్లో దీన్ని యాడ పెట్టినారు? గాలాడే చోటేనా?" అని అడిగాడు.

రంగప్ప చెవులు నిక్కబొడుచుకున్నాయి. యాడ పెట్టినామో వీడికెందుకు? "పెట్టాల్సిన చోటే పెట్టినాంలే అప్పా" అన్నాడు. వైద్యుడి దగ్గర రోగం దాచేవాణ్ణి దేవుడు కూడా బాగుచేయలేడు.

తిరుగు రైల్లో ఆయన బుర్ర చురుగ్గా పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. హిందూపురంలో బాగా నడిచేది ధర్మవరంలో ఎందుకు చెడుతుంది? డబ్బా అదే, కరెంటు అదే. మారింది మనుషులే. పెనుకొండ స్టేషన్లో రైలు ఆగింది. కిటికీలోంచి కొండా కోటా కనబడ్డాయి. పవిత్ర రోజూ ఎక్కేది ఇక్కడేనని గుర్తొచ్చింది. రైలు కదిలింది గానీ ఆయన ఆలోచన మాత్రం అక్కడే దిగిపోయింది.

మరునాటి నుంచి రంగప్ప కళ్ళు తెర మీద కాక పిల్ల మీద ఉన్నాయి. వెతికేవాడికి సాక్ష్యాలకేం కొదవ! కంప్యూటరు ఆగేది ఎప్పుడూ పవిత్ర కూర్చున్నప్పుడే. ఆమె వెళ్ళిపోయాక పెట్టె తలుపు తీసిపెట్టుకుని తాను కాసేపు కెలికిచూస్తే చక్కగా నడిచేది. పొద్దున వచ్చీరాగానే ఆగదు, పని బాగా సాగి బొమ్మ ఒక రూపానికి వచ్చాకే ఆగుతుంది. అంటే బొమ్మను ఎటో దాటించి, ఇక్కడ మాయం చేస్తోందన్నమాట. వెనకనున్న కంతలోంచి ఏ తీగో దూర్చి లాగేస్తున్నారేమోనని, ఆయన దానికి పాత గుడ్డలు కుక్కాడు. అప్పట్నుంచి పూటకొకసారి ఆగేది గంటకొకసారి ఆగసాగింది. చూశావా, కంత మూసేసరికి దొంగకు తొందర ఎక్కువైంది అనుకున్నాడు రంగప్ప. పెట్టె మీద మందపాటి దుప్పటి కూడా కప్పాడు.

"మామా, నా మాట ఇను. ఆ తలుపు తీసిపెట్టు. పాపం లోపల ఉడికిపోతాండాది" అంది పవిత్ర ఒకరోజు.

రంగప్ప చేయి మొలతాడుకున్న తాళంచెవి మీదికి పోయింది. వచ్చిందీ అసలు మాట! తలుపు తెరిచిపెట్టాలట!

అంతలో అదే వారం ఇంకొకటి కంటబడింది. స్టేషను బయట టీ అంగడి దగ్గర పవిత్ర నిలబడి ఉంది, ఎదురుగా పోతులయ్య. ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, ఆమె తల అడ్డంగా ఆడిస్తోంది. దూరం నుంచి చూసిన రంగప్పకు ఆ తల నిలువుగా ఆడినట్టే కనబడింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు.

మరునాడు మధ్యాహ్నం తెర మళ్ళీ నల్లబడింది. పవిత్ర ఉసూరుమని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రంగప్ప లేచి నిలబడ్డాడు.

"పోతులయ్య ఏం ఇస్తానన్యాడు నీకు?"

పవిత్రకు అర్థం కాలేదు. "దేనికి మామా?"

"ఏమీ తెలీనట్ల అడగొద్దు. టీ అంగడికాడ నా కండ్లతో చూసినా. నా బొమ్మలు వానికి మోస్తాండావు, ఈడ దీన్ని చెడగొడతాండావు. ఇంటి పిల్లని నమ్మితే ఇంతేనా నువ్వు జేసేది?"

వంటింట్లోంచి కుళ్ళాయమ్మ పరుగున వచ్చింది. "ఏమయ్యా, నోరా అది? అది నా అన్న కూతురు!"

పవిత్ర ఏడుస్తుందనుకున్నాడు, వాదిస్తుందనుకున్నాడు. ఆ పిల్ల రెండూ చేయలేదు. ఆయన ముఖంలోకి కాసేపు చూసింది, తాను ఇన్నాళ్ళూ మామా అని పిలిచింది ఈ మనిషినేనా అన్నట్టు. తర్వాత చెప్పులు వేసుకుని, రైలుకు ఇంకా వేళ కాకపోయినా ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

కుళ్ళాయమ్మ ఆ పూట నుంచి మొగుడితో మాట్లాడడం మానేసింది. కంచం ముందు పెట్టి పక్కకు పోయేది. ఇంట్లో మళ్ళీ పాత నిశ్శబ్దం వచ్చి కూర్చుంది. రంగప్పకు మాత్రం పంతం. దొంగ పోయింది, ఇక దీనికేం రోగమో చూస్తానని తానే కుర్చీలో కూర్చున్నాడు. వీధి తలుపు గడియ వేశాడు, కిటికీలు మూశాడు, పెట్టెకు తాళం వేసి దుప్పటి సర్దాడు. చెమటలు కక్కుతూ, వణికే మౌసుతో ఒక్కొక్క గడే నింపసాగాడు. మధ్యాహ్నం దాకా కూర్చుంటే ఒక పిందె తయారైంది. దాన్ని చూసి మురిసేలోపల తెర నల్లబడింది.

రంగప్ప వెనక్కి తిరిగి చూశాడు. గదిలో ఎవరూ లేరు. అనుమానించడానికి ఈసారి తాను తప్ప ఇంకో మనిషి లేడు.

తాళం తీసి పెట్టె తలుపు లాగాడు. ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీసినట్టు, వేడి ఎగదన్ని మొహానికి కొట్టింది. లోపలి ఇనుప డబ్బా మీద చేయి పెట్టి చురుక్కుమని తీసేశాడు. పాపం లోపల ఉడికిపోతాండాది. పవిత్ర చెప్పింది ఇదేనా? ఏసురత్నం అడిగిందీ ఇదేనా? అక్కడే నేల మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి డబ్బాను బయటికి లాగి, బల్ల మీద పెట్టి, కిటికీలన్నీ తెరిచాడు. అది పొద్దు వాలేదాకా ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. ఆగి ఉంటే ఎంత బాగుండునని రంగప్ప ఆ సాయంత్రమంతా అనుకున్నాడు. తాను కుక్కిన గుడ్డలే, తాను కప్పిన దుప్పటే, తాను వేసిన తాళమే.

పొద్దున్నే పెనుకొండ పోయాడు. బావమరిది మల్లికార్జున గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"పోతులయ్య జీతం ఎక్కువిస్తాననె బావా. మా మామకాడ ఉండా, రాననె ఇది. నీకు చెప్తే దిగులు పడతావని నీతో అనకపాయె. ఆ మాట నువ్వే అడిగింటే చెప్పుండును కదా?"

ఇంతలో పవిత్ర మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది.

"తప్పు జేసినానమ్మా. పెట్టె తీసి పారేసినా. బాగా నడుస్తాండాది. నువ్వు రావల్ల" అన్నాడు రంగప్ప.

"వస్తా" అంది పవిత్ర. ఆయన ముఖం విప్పారింది. "కానీ ఒక మాట. సాయంత్రం నేను పోయేటప్పుడు నా సంచీ మీరు చూడల్ల. చూడకుండా పంపితే మర్నాడు రాను."

"ఏంది తల్లీ, ఎగతాళా?" అని నవ్వబోయాడు రంగప్ప. తనను ఆ పిల్ల మీరు అనడం అప్పుడు చెవికెక్కింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

చెప్పినట్టే మరునాడు వచ్చింది. రోజంతా పనిచేసింది. హంస మెడ ఈసారి నిజంగానే వంకరపోయింది, రంగప్ప కావాలనే దిద్దకుండా వదిలాడు. ఆ పిల్ల ఏమీ అనలేదు, కాగితంలో ఎట్లా ఉందో అట్లాగే వేసింది. కంప్యూటరు ఎక్కడా ఆగలేదు.

రైలు వేళకు లేచి, సంచీ తెచ్చి ఆయన ముందు బల్ల మీద బోర్లించింది. టిఫిను డబ్బా, దువ్వెన, రైలు పాసు, చేతిరుమాలు, కాగితంలో చుట్టిన సగం చిక్కీ. రంగప్ప ముఖం పక్కకు తిప్పుకుని, "చూసినాలేమ్మా, పో" అన్నాడు.

"చూడలేదు మీరు."

గొంతులో కోపం లేదు. ఉంటే ఆయన ఓర్చుకునేవాడే. "బండికి పొద్దుపోతాది, పోనీవే" అని కుళ్ళాయమ్మ బతిమాలినా ఆ పిల్ల నిలబడిన చోటునుంచి కదల్లేదు. రంగప్ప డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టాడు. రుమాలు విప్పి చూశాడు. చిక్కీ పొట్లం విప్పేటప్పుడు ఒక ముక్క కింద పడింది. అది తీసి ఇవ్వబోతే పవిత్ర, "అది కూడా చూడండి" అంది. చూశాడు. ఆమె అన్నీ సంచీలో సర్దుకుని, "రేపొస్తానండీ" అని చెప్పి మెట్లు దిగింది.