భోజనం బెల్లూ, కాగితం గుండెలూ

భోజనం బెల్లు మోగింది. అట్టపెట్టెల కార్ఖానాలో ఆడవాళ్ళు డబ్బాల మూతలు తీశారో లేదో, మేనేజరు ఎర్ర కాగితాల కట్టా తెల్ల కాగితాల కట్టా తెచ్చి బల్లమీద దభీమని పడేశాడు.

"కంపెనీ వార్షికోత్సవానికి హాలు నిండా కాగితం గుండెలు వేలాడాలి. మీరే అల్లాలి. ప్రేమతో."

"ఎప్పుడల్లాలి సార్?" అంది పేచీ.

ఆమెకా పేరు పెట్టిందీ ఆ మేనేజరే. జిగురు బల్ల దగ్గర ఆమె పని. ఏం చెప్పినా చేతులకంటే ముందు నోరు కదిలేది.

"ఇప్పుడే. పని టైములో ఎవరైనా ప్రేమ చూపిస్తారా?"

అంటే అరగంట తిండి హుష్‌కాకి! ప్రేమకి జీతం ఇవ్వక్కర్లేదని కనిపెట్టినవాడెవడో గానీ, మేనేజర్లకి మహా మేలు చేశాడు. పోనీ నాలుగు రోజుల ముచ్చటా అంటే అదీ కాదు. వేడుకకి బహుమతుల దుకాణం ఆసామి వస్తాడట. గుండెలు నచ్చితే ఏడాది పొడుగునా కొంటాడట. ఆయనకి నచ్చాయా, ఇక వీళ్ళ భోజనం బెల్లు ఉత్త చప్పుడే.

పని చూడ్డానికి తేలికే. ఎర్రదొకటీ తెల్లదొకటీ మధ్యకి మడిచి, విడి అంచులు గుండ్రంగా కత్తిరించి, మడతవైపు నుంచి గాట్లు పెట్టాలి. ఆ రెంటి పట్టీలూ ఒకదాని కడుపులోంచి ఒకటి దూరాలి. సరిగ్గా దూరితే గుండె చిన్న సంచీలా నోరు తెరుస్తుంది. పేచీ మొగుడి అక్క పక్కనే కూర్చుని చకచకా అల్లేసేది. పేచీవేమో జిగురుకి మొద్దుబారిన వేళ్ళు. చాప అల్లినట్టు పైనొకటీ కిందొకటీ పోనిచ్చి, ఊడిపోకుండా కాస్త జిగురు రాసేది. ఇక అది నోరు తెరిస్తే ఒట్టు.

"ఏమే మరదలా, దీని నోరు కుట్టేశావేం? నీ నోరు కుట్టుకోవాల్సింది పోయి!"

"గుండెకి నోరెందుకు వదినా? మన ఆకలి గురించి అడుగుతుందా ఏంటి?"

కాగితానికి మరకలంటుతాయని బల్లమీద తిండి నిషేధం. అయినా కడుపు ఊరుకుంటుందా? పంచదార చల్లిన రొట్టె ముక్కలు బల్లకింద చేతులు మారేవి. మేనేజరు బూట్ల చప్పుడు వినపడగానే చేతిలో ఏముంటే అది దగ్గరున్న గుండెలో దూరిపోయేది. ఆయన వెళ్ళాక వెతుకులాట.

"నా రొట్టె ఏ గుండెలో ఉందే?"

"ప్రేమించినదాన్లో వెతుక్కో!"

దొరికినవి దొరికాయి. దొరకనివి అలాగే దారాలకెక్కాయి.

పేచీకి ఆ సదుపాయమూ లేదు. ఆమె గుండె తెరుచుకోదు కదా! రొట్టె మొత్తం బుగ్గలో కుక్కేసేది.

"ఏం పేచీ, ఇవాళ ప్రశ్నల్లేవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. పేచీ దారికొచ్చిందని మేనేజరు పొంగిపోయి యజమాని దాకా వెళ్ళి చెప్పొచ్చాడు.

వేడుక రోజు ముందు వరసలో యజమానీ, దుకాణం ఆసామీ. వెనక వరసల్లో కార్మికులు. తలల పైన గుండెలు.

"ఊరికే వేలాడ్డమే కాదండీ, నోరు కూడా తెరుస్తుంది" అంటూ మేనేజరు ఒకదాన్ని లాగి, ఆసామి ఒళ్ళోకి వంచి చూపించాడు.

ముందు కొరికిన రొట్టె పడింది. దాని వెనకే చీమలు. మేనేజరు కంగారుగా ఇంకోటి లాగాడు. అందులోంచి సగం కొరికిన ఉడకబెట్టిన గుడ్డు దొర్లింది. యజమాని కాలరులోంచి చీమలు దులుపుకుంటూ గెంతాడు.

"ఎవరిదీ గుడ్డు?" అని అరిచాడు మేనేజరు.

వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. గుడ్డు ఆమెదే. పేచీ లేచింది. ఆ పూట బుగ్గ ఖాళీ.

"మా అందరిదీ సార్! భోజనం బెల్లు కొట్టి భోజనం వద్దన్నారు. దాచుకోడానికి మీరల్లించిన గుండెలు తప్ప మాకింకేం మిగిల్చారు?"

హాలు గొల్లుమంది. ఆసామి మెడ గోక్కుంటూ పైకి చూశాడు. దారాల చివర్లో బల్లపరుపుగా ఉన్న పేచీ అల్లినవాటిమీద ఒక్క చీమా లేదు.

"ఇవి బాగున్నాయే! నోరే లేదు. నాకివే పంపండి."

మర్నాడు బెల్లు కొట్టగానే మేనేజరు కాగితాల కట్టతో పేచీ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నీలాగే అల్లడం అందరికీ నేర్పాలి."

"నేర్పుతాను సార్. పని టైములో."

"అదెలా కుదురుతుందమ్మా?"

"కుదరకపోతే ఈ అరగంటలోనే అల్లుతాం సార్. నోరు తెరిచేవి."

పేచీ తన డబ్బా మూత తీసింది. బల్ల పొడుగునా మూతలు టపటపా లేచాయి. మేనేజరు గోడ గడియారం వైపు చూశాడు. చంకలో కట్ట అలాగే ఉంది.

"నిలబడ్డారేం సార్, ఇంకా చాలా టైముంది" అంటూ వదిన స్టూలు జరిపింది. "కూర్చోండి. గుడ్డు తింటారా?"