మేక ముట్టని ఆకు

కారం లేదు, పసుపు లేదు, చింతపండు అసలే లేదు. ఇదేం చేప వంటో బిక్షమ్మకు అంతుపట్టలేదు.

ఆత్మకూరు పక్క ఊరి నుంచి పాలమూరుకు, కొడుకు రాజేశ్ ఇంటికి నాలుగు రోజుల కిందటే వచ్చింది. ఆదివారం పొద్దున కోడలు నిరోష కొర్రమీను ముక్కలను తెల్లగా కడిగి, నిమ్మరసం, వెల్లుల్లి పట్టించింది. కుండీలోంచి ఏదో సన్నటి ఆకు తుంపి పైన చల్లి, ఓవెన్‌లో పెట్టింది.

"గదేం ఆకు?"

"రోజ్‌మేరీ అత్తమ్మా. మంచి వాసనొస్తది. ఆయనకు బీపీ ఉన్నది గద, డాక్టరు నూనె, ఉప్పు తగ్గించుమన్నడు."

ముప్పై రెండేళ్లకే బీపీ ఏమిటి? మొగుణ్ని కొంగుకు కట్టేసుకోవడానికి తిండిలో మందు పెట్టే ఆడవాళ్ల గురించి బిక్షమ్మ ఎన్ని వినలేదు! ఈ మధ్య కొడుకు ఫోన్లు కూడా తగ్గించాడు. ఇంకేం కావాలి?

నలభై ఏళ్లు మేకల వెంట తిరిగిన మనిషి. తెలియని ఆకు కనబడితే ముందు మేకకు చూపించడం ఆమె అలవాటు. రెండు రెమ్మలు కొంగులో దాచి, పక్కింటి పుష్పమ్మ మేక ముందు పెట్టింది. అది వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పుకుంది.

బిక్షమ్మ ఉరుకులు పరుగుల మీద ఇంటికొచ్చేసరికి రాజేశ్ పళ్లెం ముందు కూర్చున్నాడు.

"తినకు బిడ్డా! గా ఆకును మేక గూడ ముట్టలే. నీకు మందు పెడ్తాంది!"

"నీకేమన్న పిచ్చా అమ్మా?" అని నవ్వాడు రాజేశ్. నవ్వాడు గానీ, ముక్క దాకా పోయిన చెయ్యి అక్కడే ఆగింది. "నాకిప్పుడు అంత ఆకలి లేదులే" అన్నాడు.

నిరోష పళ్లెం తన ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తింటూనే ఉంది.

మందు కలిపిన మనిషి ఇలా తింటుందా? బిక్షమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పక్కన కూర్చుని తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"మంచిగున్నది బిడ్డా. తప్పు నాదే" అంది.

నిరోష ఆమె వైపు చూడలేదు, మొగుడినే చూస్తోంది.

"మీది కాదు అత్తమ్మా. మీరు నాతోని ఉన్నది నాలుగు దినాలు. ఆయన ఏడేండ్ల సంది నా చేతి బువ్వ తింటున్నడు."