పై కొమ్మల గడి

ఆ పల్లపు అడవిలో చెట్లెక్కడంలో ఆయన్ని మించినవాడు లేడు. అందుకే అందరికీ ఉడత బాబాయ్ అయ్యాడు. ఉడతకే చెట్టంటే భయం పట్టుకుంటే ఎవరితో చెప్పుకుంటుంది?

రెండేళ్ల క్రితం చేతిలో కొమ్మ విరిగింది. నడుముకున్న తాడు ఆపబట్టి బతికాడు. ఒంటి మీద గీత పడలేదు గానీ గుండె జారిపోయింది. అప్పట్నుంచి ఏ చెట్టెక్కినా మొదటి పంగ దాటలేదు.

కింద పుస్తకం పట్టుకుని నిలబడేది పూల మేడం. కొమ్మలను పట్టుకుని బతికే అడవి ఆర్కిడ్లు ఎన్ని రకాలు, ఎంత ఎత్తులో ఉన్నాయో రాసుకోవడం ఆమె ఉద్యోగం.

"పైన ఎన్ని బాబాయ్?"

ఆకుల చాటున పంగను కావలించుకుని, "ఏం లేవమ్మా" అనేవాడు. ఆమె పై కొమ్మల గడిలో సున్నా వేసేది. అలా నూట పద్నాలుగు చెట్లయ్యాయి.

ఇవాళ ఆఫీసులో ఆమె టీ అందిస్తూ, రిపోర్టు పూర్తయిన సంబరంలో చెప్పింది. "ఎండ ముదిరి పై కొమ్మల్లో ఆర్కిడ్లు పోయాయని తేలింది బాబాయ్. రిపోర్టులో నీ పేరూ రాశాను. కరెంటు తీగల కోసం చెట్ల తలలు కొడతారట. పైన ఏమీ లేవు, కొట్టుకోమని రాశా. రేపు పంపేస్తాను."

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, చెట్ల తలలు పోతాయి. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే, గ్లాసులోకి చూస్తూ మొత్తం చెప్పేశాడు.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ముందే చెప్తే నేనే ఎక్కేదాన్ని కదా బాబాయ్," అని తాడు తీసుకుంది. "పద. ఈసారి నువ్వు రాయి."

ముడులు వేయడం ఆమెకు నేర్పింది ఆయనే. మొదటి చెట్టు దగ్గర ఆమె చకచకా పంగ దాటి ఆకుల్లో కలిసిపోయింది. కాసేపటికి గొంతు వినిపించింది.

"తెల్లవి పదిహేడు. పసుపువి తొమ్మిది. బాబాయ్, ఇక్కడొక రకం ఉంది, కింద కొమ్మల్లో ఎక్కడా చూడలేదు. రాశావా?"

"రాశానమ్మా," అన్నాడు. తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. పై కొమ్మల గడిలో సున్నా కొట్టేసి, పక్కన అంకెలు వేశాడు.

కింది వరసలో మళ్లీ సున్నా. దాని కింద ఇంకోటి. ఇంకా నూట పదమూడు చెట్లున్నాయి.