రెండంగుళాల నిక్కరు

నేను ఒక నిక్కరుని. నవ్వుకోండి, నాకేం కోపం లేదు. పట్టుచీర తన కథ చెప్పుకుంటే కళ్లొత్తుకుంటూ వింటారు, కిరీటం చెప్పుకుంటే నోరెళ్లబెట్టుకుని వింటారు, నిక్కరు నోరు విప్పేసరికి మాత్రం అందరికీ నవ్వొస్తుంది. కానీ నా పొడుగెంత ఉండాలో తేల్చడానికి పదకొండు మంది పెద్దమనుషులు కోట్లు తొడుక్కుని, చల్లటి గదిలో మూడు గంటలు కూర్చున్నారు. ఏ పట్టుచీరకు పట్టిందండీ ఆ వైభోగం?

నేను పుట్టింది భీమిలి బస్టాండు వెనక సందులో, గౌరీశ్వరరావు మాస్టరు కుట్టుమిషను మీద. ముదురు నీలం రంగు, సాగే గుడ్డ, నడుముకు తెల్ల బొందు. నాతోపాటు అదే వారం ఇంకో ఐదుగురు తోబుట్టువులు పుట్టారు. మమ్మల్ని కుట్టించిన మనిషి మైలపల్లి నూకరత్నం, మన దేశపు మహిళల బీచ్ కబడ్డీ జట్టుకు కెప్టెన్. అది ఇసుకలో ఆడే కబడ్డీ. నలుగురు ఆడతారు, ఇద్దరు బెంచీ మీద కూర్చుంటారు. నూకరత్నం చేపలుపట్టే ఇంట్లో పుట్టింది. చిన్నప్పటి నుంచీ వల తాళ్లు లాగిన చేతులు కావడంతో, ఆమె మడమ పట్టుకుందంటే ఎదుటి జట్టు పిల్ల ఇక కూత ఆపుకోవలసిందే.

ఆమెకు మా అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. ఈ ఆటకు ప్రపంచ సమాఖ్య ఒకటుంది. దాని నియమాల పుస్తకంలో మగవాళ్ల నిక్కరు మోకాలి దాకా ఉండవచ్చు. ఆడవాళ్లది మాత్రం తొడ మీద రెండంగుళాలు దాటకూడదు. కారణం కూడా రాశారు, ప్రేక్షకాదరణ కోసమని. మగవాళ్ల మోకాళ్లకు ఆదరణ అక్కర్లేదు కాబోలు! కబడ్డీలో ఎదుటివాళ్లు కాళ్లు పట్టి ఈడుస్తారు. ఎండకు కాలిన ఇసుక మీద ఈడిస్తే తొడల మీద తోలు లేచిపోతుంది. నూకరత్నం మ్యాచి అయిన ప్రతిసారీ కొబ్బరినూనె రాసుకుని బోర్లా పడుకునేది.

అది కూడా ఓర్చుకుందేమో కానీ, అంతకుముందు పోటీల్లో కంచుపతకం వచ్చిన రోజున ఒక పత్రిక ఆమె ఫోటో వేసింది. ఫోటోగ్రాఫరు వెనకాల ఇసుకలో పడుకుని మరీ తీశాడు. ఆ కాగితం వాళ్లమ్మ సత్తెమ్మ చేపల బజారులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటే రత్నం, మొకమేదీ? గెలిసింది నువ్వని ఎలా పోల్సుకోవాల?" అంది. సత్తెమ్మ తిట్టలేదు, వెక్కిరించలేదు, నిజంగానే అడిగింది. నూకరత్నానికి ఆ మాట గుచ్చుకుంది.

మర్నాడే మాస్టరు కొట్టుకొచ్చింది. "మగోళ్ల నిక్కరెంతుంటదో అంతే కుట్టండి మాస్టారూ. అంగుళం తగ్గినా నానొల్లను" అంది. మేం పుట్టాం. మమ్మల్ని వేసుకోనివ్వమని సమాఖ్యకు ఉత్తరం రాసింది, చెక్కుకుపోయిన తొడల ఫోటో జతచేసి. ప్రపంచకప్పు ఇంకో వారం ఉందనగా జవాబొచ్చింది. రెండంగుళాలు దాటితే జట్టును తీసేసి ఎదుటి జట్టు గెలిచినట్టు ప్రకటిస్తారట.

ఆ సాయంత్రం నూకరత్నం మమ్మల్ని మూటగట్టుకుని కొట్టు బల్ల మీద చాలాసేపు కూర్చుంది. ఆమెకు ముప్పై ఏళ్లు. ఇదే ఆఖరి ప్రపంచకప్పు. తనొక్కతే అయితే రానని చెప్పి ఊరుకునేది. కానీ తనతోపాటు ఇంకో ఐదుగురు ఆడపిల్లలున్నారు, వాళ్లలో ఇద్దరికి ఇదే మొదటిసారి.

"నా పంతానికి ఆళ్ల నోట్లో మన్ను కొట్టలేను. కోసీండి మాస్టారూ, రెండంగుళాలకి కోసీండి" అని మొహం పక్కకు తిప్పుకుంది. నాకు గుండె ఉంటే అప్పుడే జారిపోయేది.

గౌరీశ్వరరావు మాస్టరు కత్తెర తీశాడు. ఇక్కడ మా మాస్టరు సంగతి చెప్పాలి. ఆయన నలభై ఏళ్లుగా బడిపిల్లల యూనిఫారాలు కుట్టాడు. పిల్లలు పెరుగుతారు కనక అంచు లోపలికి మడిచి, దారం లాగితే ఊడొచ్చేలా పొడుగాటి టాకాలు వేసి వదిలేస్తాడు. జూన్‌లో మడిచినది మరుసటి జూన్‌లో విప్పుకోవచ్చు. పెరిగే పిల్లల బట్ట కోయడమంటే ఆయనకు అన్నం పారబోసినట్టు. ముప్పై ఏళ్ల కెప్టెను ఇక పెరగదని ఆయన బుర్రకు తెలిసే ఉంటుంది, చేతులకు మాత్రం తెలియలేదు. కత్తెర పక్కన పెట్టి, మా ఆరుగురి కాళ్లూ లోపలికి మడిచి, టాకాలు వేసి, ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి విమానం రోజున అందించాడు.

పోటీలు థాయ్‌లాండ్‌లో సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో జరిగాయి. ఎనిమిది జట్లు, ఓడినవాళ్లు ఇంటికే. మొదటి మ్యాచి కెన్యాతో. ఆ ఉదయం పొట్లం విప్పిన నూకరత్నం నన్ను కాళ్లకు ఎక్కించుకుని కెవ్వుమంది. "కొయ్యమంటే మడతెట్టాడేటీ మనిషి! తొడకి చపాతీ సుట్టినట్టుందిది!" పిల్లలు పడీపడీ నవ్వారు. కోయడానికి టైము లేదు, కత్తెరా లేదు. అలాగే బయల్దేరారు. ఆటస్థలం గట్టు దగ్గర ఒకాయన టేపు పట్టుకుని ఒక్కొక్కరినీ కొలిచాడు. సరిగ్గా రెండంగుళాలు. మా మాస్టరు మడతపెట్టినా లెక్కగా పెడతాడు. కొలిచినాయన తృప్తిగా టిక్కు పెట్టుకున్నాడు.

మ్యాచి హోరాహోరీగా సాగింది. గ్యాలరీ నిండింది, టీవీ కెమెరాలు తిరుగుతున్నాయి. మొదటి సగం ముగియబోతుండగా నూకరత్నం కూతకు వెళ్లింది. కెన్యా కెప్టెన్ అచియెంగ్ తాటిచెట్టంత మనిషి, ఎగిరి కాలు పట్టబోయింది. వేళ్లు నా అంచులో చిక్కుకున్నాయి. బట్ట పట్టుకోవడం తప్పని తెలిసి ఆమె వెంటనే వదిలేసింది, కానీ అప్పటికే టాకా పుటుక్కుమంది. నా కుడికాలు జర్రున మోకాలి దాకా దిగిపోయింది. ఎడమకాలు పైనే ఉంది.

గ్యాలరీ గొల్లుమంది. రెఫరీ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయింది. నేనైతే ఆ ఇసుకలోనే కూరుకుపోదామనుకున్నాను. నూకరత్నం వంగి నన్ను చూసుకుంది. ఎడమకాలి అంచు దారం ఆమె వేలికి తగిలింది. కుడికాలిని మళ్లీ పైకి మడిచి పిన్ను పెట్టుకోవచ్చు. ఆ రెండో దారం కూడా లాగేసిందంటే జట్టు పోటీలోంచి పోతుంది, మిగతా అయిదుగురి ఆశా పోతుంది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు, అడిగే హక్కు తనకు లేదనుకుంది.

బెంచీ మీద సలోమీ కిరో అనే పిల్ల ఉంది, ఝార్ఖండ్ నుంచి మొదటిసారి జట్టులోకి వచ్చిన పిల్ల. ఆమె లేచి నిలబడి, వంగి, తన నిక్కరు దారం గోటితో తెంపి లాగింది. ఒక కాలు, తర్వాత రెండో కాలు. ఆ వెనకే మిగతా నలుగురూ వంగారు. పుటుక్కు, పుటుక్కు, పుటుక్కు. నా తోబుట్టువులందరూ వరసగా మోకాళ్లకు దిగారు. అప్పుడు నూకరత్నం తన రెండో దారం లాగింది. ఆమె కళ్లలో నీళ్లు, మొహమంతా నవ్వు. ఇలా తేలిగ్గా చెప్పుకుపోతున్నాను కానీ ఆ క్షణం నాకు ఎంత సంబరమైందో చెప్పడానికి గుడ్డపేలికకు మాటలు చాలవు.

పోటీల డైరెక్టరు కోటుతో, బూట్లతో ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చాడు. ఇసుకలో బూట్లేమిటో! నియమాల పుస్తకం తీసి, ఇండియా జట్టును తీసేశామనీ కెన్యా గెలిచిందనీ ప్రకటించబోయాడు. అచియెంగ్ అయిదు నిమిషాలు ఆగమంది. జట్టును వెంటబెట్టుకుని మగవాళ్ల గుడారంలోకి దూరింది. తిరిగొచ్చేసరికి ఆరుగురూ తమ దేశపు మగ ఆటగాళ్ల నిక్కర్లలో ఉన్నారు. ఒకటి నడుం దగ్గర జారిపోతోంది, ఒకటి పిక్కల దాకా వేలాడుతోంది. లోపల ఆరుగురు మగవాళ్లు తువ్వాళ్లు చుట్టుకుని నిలబడ్డారని తర్వాత తెలిసింది. నా జాతి మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

"ఇప్పుడు మేమూ తప్పు చేశాం. గెలుపు ఎవరికిస్తారు?" అని అచియెంగ్ అడిగింది.

డైరెక్టరు పుస్తకం ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. రెండు జట్లూ ఒకేసారి నిక్కరు తప్పు చేస్తే ఏం చేయాలో ఎక్కడా రాయలేదు. గ్యాలరీలో చప్పట్లు మొదలయ్యాయి. టీవీవాళ్లు ఆయన మొహం దగ్గరికి కెమెరా తెచ్చారు. ఆయన చెమట తుడుచుకుని, "ఆడండి" అన్నాడు.

మేం ఓడిపోయాం. ఒక్క పాయింటు తేడా. ఆఖరి కూతలో నూకరత్నాన్ని అచియెంగే పట్టింది. ఇద్దరూ దబ్బున ఇసుకలో పడి, అలాగే వెల్లకిలా ఉండిపోయి నవ్వుకున్నారు. అదే ఆఖరి మ్యాచని నూకరత్నానికి గుర్తుంది. అయినా నవ్వింది. ఆ రోజు ఆమె తొడల మీద చర్మం చెక్కుకుపోలేదు. చెక్కుకుపోయింది నేను.

నాలుగు నెలలకు సమాఖ్యలోని ఆ పదకొండు మంది పెద్దమనుషులు కూర్చున్నారు. ఎవరికి ఎంత పొడుగు కావాలో ఆడే మనిషే ఎంచుకోవచ్చని తీర్మానించారు. ఆ ఆలోచన తమకే వచ్చినట్టు ప్రకటించుకున్నారు కూడా. ఒక మ్యూజియం వాళ్లు నన్ను అడిగితే నూకరత్నం నా తోబుట్టువునొకదాన్ని ఇచ్చి పంపింది. అది ఇప్పుడు గాజుపెట్టెలో దీపం కింద ఉందట. నేను ఆమె ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య హాయిగా నిద్రపోయాను.

రెండేళ్ల తర్వాత నన్ను బయటికి తీసింది. ఇప్పుడామె రుషికొండ ఇసుకలో పిల్లలకు ఆట నేర్పుతోంది. ఆమె శిష్యురాలు లిఖిత, పందొమ్మిదేళ్ల పిల్ల, దేశం జట్టుకు ఎంపికైంది. నూకరత్నం నన్ను ఆమె చేతిలో పెట్టి, నా కథంతా చెప్పింది. లిఖిత కళ్లకద్దుకుని, వేసుకుని, నాలుగు చుట్లు పరుగెత్తి వచ్చి తలొంచుకుంది.

"అక్కా, కోప్పడవు కదా? నాకిది పొడుగైపోనాది. కాలికి అడ్డొత్తంది. నేను పొట్టిదే ఏసుకుంతాను."

"ఎంత పొట్టిది?"

"ముందర ఉండేదంట కదా, రెండంగుళాలు. అంత."

నూకరత్నం మొహం ఎర్రబడింది. "ఎవులే నీకు సెప్పింది పొట్టిదేసుకోమని?"

"ఎవులూ సెప్పలేదక్కా. నాకే హాయిగుంటది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇందుకా నేను అంతమంది ముందు ఒంటికాలి మీద వేలాడింది? నూకరత్నం కూడా సముద్రం వైపు తిరిగిపోయింది. లిఖిత బిక్కుబిక్కుమంటూ బొందు మెలిపెడుతోంది. కాసేపటికి నూకరత్నం భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని ఇంట్లోకి వెళ్లి, కత్తెరా సుద్దముక్కా తెచ్చింది. నన్ను విప్పించి అరుగు మీద పరిచి, సుద్దముక్క పిల్ల చేతిలో పెట్టింది.

"ఎక్కడికి కొయ్యాలో నువ్వే గియ్యి" అంది.

లిఖిత మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, నా మీద తెల్లటి గీత గీసింది. నూకరత్నం ఆ గీత మీదే కోసింది, ఒక్క నూలుపోగు అటూ ఇటూ పోకుండా.