గంగాళంలోని ముఖాలు

షిలోహులో తెల్లవారగానే మొదట వినవచ్చేది ఇత్తడి మీద బూడిద రుద్దే చప్పుడు. దేవుని గుడారంలోనికి వెళ్ళేముందు యాజకులు కాళ్ళూ చేతులూ కడుగుకొనే గంగాళమది. ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలు దానిని ప్రతి ఉదయమూ తోమేవారు. తమ జనమంతా అరణ్యంలో తిరిగిన కాలాన వారి ముత్తవ్వలు తమ ఇత్తడి అద్దాలను తెచ్చి ఇవ్వగా, వాటిని కరిగించి ఆ గంగాళం పోతపోశారు. అద్దాలు కరిగాయి గాని, వాటిలో చూచుకొన్న ముఖాలు కరగలేదు. తోమేకొద్దీ అవి పైకి తేలేవి. స్త్రీలు వాటిని పలకరించి, కళ్ళలో బూడిద పడకుండా చుట్టూ రుద్దేవారు.

తరువాత సేవచేసినవారి ముఖాలు కూడ కొన్ని అందులో చేరాయి. తాను పక్కకు తొలగినా ఎవతె ముఖం ఇత్తడిలో నిలిచిపోతుందో, ఆమె ప్రాణమున్నంతవరకు ఆ ద్వారం విడిచి వెళ్ళరాదు. యాజకుడు చూచి తల ఊపితే ఇక అది ఖాయమే. హొగ్లా తల్లి మహలా ముఖం అలాగే నిలిచింది. ఆమె పుట్టినిల్లు మరల చూడకుండానే కన్నుమూసింది.

ఆనాడు హొగ్లాకు అక్కడ కడపటి ఉదయం. ఆమెకు కాబోయే భర్త, బేతేలు ఊరి కుమ్మరి ఏలోను, గాడిదతో వచ్చి ఆవరణ తెరకు వెలుపల నిలుచున్నాడు.

“పెళ్ళికూతురికి గోరింట పెడతారు గాని బూడిద పూస్తారటే!” అని మేనత్త శెరహు నవ్వింది. “అయినా వెళ్ళేది కుమ్మరాడి దగ్గరికేగా. బూడిద పోతే మట్టి. నీ చేతులకి శుభ్రం రాసిపెట్టి లేదు.”

“మట్టికి కళ్ళుండవులే అత్తా. లోపలంతా బంగారం పెట్టి, మనకీ ఇత్తడి ఎందుకు మిగిల్చారు?”

“బంగారం ఆయనకే. అది ఎవరినీ పట్టించుకోదు, దాని వెలుగు దానిది. సెగా, నెత్తురూ, బురద కాళ్ళూ ఓర్చుకునేది ఇత్తడే. లోపలికి పోయేవాడు ముందు తన మొహం చూసుకోవద్దూ? చాల్లే, ఆ అంచు తుడువు.”

హొగ్లా అంచు తుడిచి, గుడ్డ పిండి, వెనుకకు జరిగింది. ఆమె ముఖం జరుగలేదు.

“అత్తా, నేను పక్కకి వచ్చేశాను గదా?”

“వచ్చావే.”

“మరి అదేమిటి?”

శెరహు నవ్వు ఆగిపోయింది. ముసుగు చెంగుతో రుద్దింది, ఇసుకతో రుద్దింది. ఇత్తడి మెరిసినకొద్దీ ఆ ముఖం మరింత స్పష్టమైంది. తెర అవతల గాడిద నేలను తన్నుతున్నది. ఆవరణ చివర యాజకుడు అహీయెజెరు కనబడ్డాడు. దేనినీ తాకకుండా చేతులు ముందుకు చాపి నడచి వస్తున్నాడు.

“దాక్కోనా అత్తా?”

“నువ్వు దాక్కుంటే అది దాక్కుంటుందా, పిచ్చిదానా!”

హొగ్లా గంగాళం మీదికి వంగి తల్లి ముఖాన్ని చూచింది. “అమ్మా, అతను బయటే నిలబడి ఉన్నాడే,” అని మాత్రం అన్నది.

ఆ ముఖాలు ఏనాడూ చోటు కదలి ఎరుగవు. మహలా కదిలింది. ఇత్తడి వంపు వెంట మెల్లగా వచ్చి, కూతురి ముఖానికి ఎదురుగా నిలిచింది. లోపలి నుండి ఎవరో ఊపిరి వదలినట్లు ఇత్తడి మసకబారింది. ఆ మసక విడిపోయేసరికి అక్కడ తల్లీ లేదు, కూతురూ లేదు.

యాజకుడు కాళ్ళూ చేతులూ కడుగుకొని, “ఇక్కడ ఖాళీగా ఉందేమిటి, శెరహూ?” అన్నాడు.

“తోమాం గదయ్యా,” అన్నది శెరహు.

అతడు మరేమీ అడుగక లోపలికి వెళ్ళాడు. హొగ్లా బయటికి వెళ్ళింది.

బేతేలులో ఆమె బావిలోకి వంగినా, తొట్టిలోకి వంగినా, నీటిలో మహలాయే కనబడేది. హొగ్లా ముందుగా ఆమెను పలకరించి, ఆ తరువాతనే కడవ ముంచేది. తన ముఖం మాత్రం ఆమెకు మరి ఎన్నడూ కనబడలేదు. తానెలా ఉన్నదో అప్పుడప్పుడు భర్తనే అడిగేది. ఏలోను తిరిగే సారెను ఆపి, ఆమెవైపు చాలాసేపు చూచి, చెప్పేవాడు. ఆమె నమ్మేది.